కరిగిపోయే రాయి, కరగని గింజ

క్రోమైట్ ముక్కను చేతిలోకి తీసుకుంటే రంగు కన్నా ముందు బరువు తెలుస్తుంది. అంతే పరిమాణమున్న గ్రానైట్ ముక్కతో తూచి చూస్తే ఒకటిన్నర రెట్లకు పైనే తూగుతుంది. నల్లగా, కాస్త లోహపు మెరుపుతో ఉంటుంది. ఇనుప ఖనిజమైన మాగ్నెటైట్ కూడా అలాగే నల్లగా, బరువుగా ఉంటుంది కాబట్టి కంటితో చూసి ఏది ఏదో తేల్చడం కష్టం. అందుకే రాళ్లతో పనిచేసేవాళ్ల సంచిలో మెరుగు పూత లేని చిన్న పింగాణీ పలక ఒకటి ఉంటుంది. మాగ్నెటైట్‌ను దానిమీద గీస్తే నల్లటి గీత పడుతుంది. క్రోమైట్‌ను గీస్తే ముదురు గోధుమరంగు గీత పడుతుంది. అయస్కాంతం దగ్గరకు తెస్తే మాగ్నెటైట్ గట్టిగా అతుక్కుంటుంది, క్రోమైట్ అంతంతమాత్రంగానే స్పందిస్తుంది.

ఇనుము, క్రోమియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజమిది. వాటితో పాటు మెగ్నీషియం, అల్యూమినియం కూడా ఎంతో కొంత చేరుతుంటాయి. స్టీలు గిన్నెకు తుప్పు పట్టకుండా కాపాడే క్రోమియం ప్రపంచంలో ఎక్కడ తయారైనా, దానికి ముడిసరుకు ఈ ఒక్క ఖనిజమే. ఇనుముకూ రాగికీ అయితే రకరకాల ఖనిజాలున్నాయి. క్రోమియానికి గిట్టుబాటయ్యే ఖనిజం ఇంకొకటి లేదు. ఆ క్రోమైట్ కూడా ఏ రాయిలో పడితే ఆ రాయిలో దొరకదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో గ్రానైటు కొండలకు కొదవ లేదు. వాటిని ఎన్ని ముక్కలు చేసినా తవ్వుకోదగ్గ క్రోమైట్ రాదు. భూమి పైపొరలో క్రోమియం సగటున పది లక్షల పాళ్లకు వంద పాళ్ల దగ్గరే ఉంటుంది. పెరిడొటైట్ అనే రాయిలో అది రెండున్నర వేల పాళ్ల దాకా ఉంటుంది. అలాంటి రాళ్ల మధ్య అక్కడక్కడా సగానికి సగం క్రోమియం ఆక్సైడే ఉన్న నల్లటి పొరలు, ముద్దలు కనిపిస్తాయి. పావు శాతం ఉన్నది సగం దాకా ఎలా పోగుపడింది? క్రోమైట్ కథలో అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ముందు పెరిడొటైట్ సంగతి చూద్దాం. ఆలివిన్ అనే ఆకుపచ్చటి ఖనిజం ఇందులో నూటికి నలభై పాళ్లకు పైగా ఉంటుంది. మిగతాది ఎక్కువగా పైరాక్సీన్ అనే ఖనిజాల కుటుంబం. ఆలివిన్ తొంభై పాళ్లు దాటితే ఆ రాయిని డ్యూనైట్ అంటారు. న్యూజీలాండ్‌లోని డన్ పర్వతం మీద గుర్తించిన రాయి కాబట్టి దానికి ఆ పేరు వచ్చింది. ఆ కొండమీద క్రోమైట్ కూడా దొరికింది. దాన్ని కిందికి దించడానికి 1862లో గుర్రాలు లాగే రైలు మార్గం వేశారు. న్యూజీలాండ్ దేశపు మొదటి రైలు మార్గం అదే.

పైన ఉన్న మనకు పెరిడొటైట్ అరుదైన రాయి. భూమి లెక్కన చూస్తే అరుదు కాదు సరికదా, దానికన్నా విస్తారంగా ఉన్న రాయి ఇంకొకటి లేదనే చెప్పాలి. మనం నిలబడిన ఖండపు పొర మందం సుమారు 35 నుంచి 40 కిలోమీటర్లు. దాని కింద మొదలయ్యేది ప్రావారం, అంటే మాంటిల్. భూమి ఘనపరిమాణంలో దాదాపు 84 శాతం అదే. దాని పైభాగం, 400 కిలోమీటర్ల లోతు దాకా, ప్రధానంగా పెరిడొటైటే. రష్యాలోని కోలా ద్వీపకల్పంలో మనిషి వేసిన అతి లోతైన బోరు 12 కిలోమీటర్లు కాస్త దాటి ఆగిపోయింది. కాబట్టి ఖండాల కింద ఉన్న ప్రావారాన్ని అది ఉన్నచోటే ముట్టుకున్నవాళ్లు లేరు. అది తనంత తాను పైకి వచ్చినచోటే చూడగలం.

అలా వచ్చినచోటు అనంతపురం జిల్లాలో ఉంది. తొలకరి పడగానే జనం వజ్రాల కోసం వెతికే వజ్రకరూరు ప్రాంతం సంగతి తెలుగువారికి కొత్త కాదు. అక్కడ సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే శిలాద్రవం 150 కిలోమీటర్లకు మించిన లోతు నుంచి పైకి చీల్చుకుని వచ్చింది. వచ్చేటప్పుడు దారిలోని ప్రావారపు రాళ్ల ముక్కల్ని వెంట తెచ్చింది. వజ్రాలు అలా ఎక్కి వచ్చినవే. వజ్రాల కోసం సర్వే చేసేవాళ్లు వాగుల ఇసుకలో నేరుగా వజ్రం కోసం వెతకరు. వజ్రం అంత తేలిగ్గా దొరకదు. ఎర్రటి పైరోప్ గార్నెట్, క్రోమియం చేరి పచ్చగా మెరిసే డయాప్సైడ్, నల్లటి క్రోమైట్ గింజలు ఉన్నాయేమో చూస్తారు. వాటి కూర్పును పరీక్షిస్తే అవి ఎంత లోతులో పుట్టాయో అంచనా దొరుకుతుంది. వజ్రం పుట్టగల లోతు నుంచి వచ్చిన గింజలైతే వాగుకు ఎగువన వెతుకులాట మొదలవుతుంది.

అయితే అలా వచ్చిన క్రోమైట్ గింజలు పిడికెడు. గని తవ్వాలంటే కొండలకు కొండలు కావాలి. అందుకు ప్రకృతిలో రెండు దారులున్నాయి. ప్రావారం నుంచి కరిగి వచ్చిన శిలాద్రవం ఖండపు పొరలో పెద్ద గదిలా నిండి, అక్కడ మెల్లగా చల్లారడం మొదటిది. సముద్రపు అడుగునున్న నేల, దాని కింది ప్రావారంతో సహా, ఖండాల ఢీలో పైకి నెట్టుకుని రావడం రెండోది. ఇలా పైకి వచ్చిన సముద్రపు నేలను ఓఫియోలైట్ అంటారు. ఒమన్ రాజధాని మస్కట్‌లో పనికి వెళ్లిన తెలుగువారు రోజూ చూసే, చెట్టూ చేమా లేని ముదురు గోధుమరంగు కొండలు అలాంటివే. ఆ ఊరి వెనక నిలిచి ఉన్నది ఒకప్పటి సముద్రం అడుగున, నేల పొరకు కింద ఉన్న పెరిడొటైట్. మన దేశంలో మణిపూర్‌లో, లద్దాఖ్‌లో, అండమాన్‌లో ఓఫియోలైట్లు ఉన్నాయి.

ప్రావారంలో క్రోమియం అంతగా ఎందుకు మిగిలి ఉందన్నది ఇప్పుడు చూడాలి. ప్రావారం వేడెక్కి కరిగినప్పుడు మొత్తం రాయి ద్రవం కాదు. నూటికి పదో ఇరవయ్యో పాళ్లు కరిగి, బసాల్ట్ ద్రవంగా పైకి పోతుంది. తేలిగ్గా కరిగే మూలకాలు ఆ ద్రవంతో వెళ్లిపోతాయి. క్రోమియం గట్టి పిండం. ఎక్కువ భాగం ఘనరూపంలోనే ఉండిపోతుంది. పైకి పోయిన ద్రవంలో చేరేది పది లక్షల పాళ్లకు కొన్ని వందల పాళ్లు, మహా అయితే వెయ్యి. ఆ ద్రవం చల్లారేటప్పుడు మొట్టమొదట గడ్డకట్టే ఖనిజాలు ఆలివిన్, క్రోమైట్. రెండూ కలిసే స్ఫటికాలవుతాయి. ఇందులో ఆలివిన్‌దే సింహభాగం, క్రోమైట్ నూటికి రెండు పాళ్లకు మించదు. ఆ లెక్కన తయారవ్వాల్సింది అక్కడక్కడా నల్ల చుక్కలున్న డ్యూనైట్ రాయి. నిజంగానే చాలాచోట్ల అదే తయారైంది.

దక్షిణాఫ్రికాలోని బుష్‌వెల్డ్‌లో మాత్రం అలా జరగలేదు. 205 కోట్ల ఏళ్ల కిందట అక్కడ నిండిన శిలాద్రవపు గది గడ్డకట్టి, 65 వేల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో రాళ్ల పొరల దొంతర ఏర్పడింది. అందులో శుద్ధమైన క్రోమైట్ పొరలు పదికి పైనే ఉన్నాయి. ఒక్కో పొర మందం మీటరు, అంతకు కాస్త అటూ ఇటూ. కానీ అది వందల కిలోమీటర్ల మేర తెగకుండా సాగుతుంది. డ్వార్స్ నది ఒడ్డున తెల్లటి అనార్థోసైట్ రాతిలో నల్లటి క్రోమైట్ చారలు గీత గీసినట్టు కనిపించే ఒక బండను అక్కడ జాతీయ సంపదగా కాపాడుతున్నారు. చాలా భూగర్భశాస్త్ర పుస్తకాల్లో దాని ఫొటో ఉంటుంది. ఆ నలుపు ఎక్కడ మొదలవుతుందో అక్కడ వేలు పెట్టి చూపించవచ్చు. ఆలివిన్‌తో కలిసి రెండు పాళ్లుగా పుట్టాల్సిన ఖనిజం, తోడు లేకుండా తనొక్కటే ఇంత పొరగా ఎలా పుట్టింది?

కెనడాలో మస్కాక్స్ అనే ఇలాంటి రాతి సముదాయాన్ని అధ్యయనం చేసిన టి. నీల్ ఇర్విన్ 1970లలో దీనికి రెండు సమాధానాలు చెప్పారు. గదిలో ఉన్న ద్రవం చుట్టూ ఉన్న సిలికా రాళ్లను కరిగించుకుంటే దాని కూర్పు మారి, కొంతసేపు క్రోమైట్ ఒక్కటే గడ్డకట్టే స్థితికి వస్తుందన్నది ఆయన మొదటి మాట. కొంతకాలం తర్వాత ఇంకొకటి చెప్పారు. గదిలో కొంత గడ్డకట్టి ముదిరిన ద్రవంలోకి కింది నుంచి తాజా ద్రవం వచ్చి కలిసినా అదే జరుగుతుందన్నారు. ముదురు పాకంలో లేత పాకం పోస్తే వచ్చేది రెండింటికీ చెందని మూడో పాకం. ఇక్కడా అంతే. ఏ ద్రవాన్ని విడిగా చల్లార్చినా ఆలివిన్, క్రోమైట్ కలిసే వస్తాయి. రెండూ కలిసిన మిశ్రమంలో మాత్రం క్రోమైట్ ఇముడ్చుకోగలిగిన దానికన్నా ఎక్కువైపోయి, ఆలివిన్ రావడం ఆగిపోతుంది. నల్ల గింజలు మాత్రమే వానలా దిగుతాయి. మిశ్రమం మళ్లీ మామూలు దారిలో పడగానే పొర ఆగిపోతుంది. మళ్లీ తాజా ద్రవం వచ్చినప్పుడు మరో పొర మొదలవుతుంది.

ఈ వివరణతో అందరూ తృప్తిపడలేదు. మీటరు మందం పొరకు కావలసినంత క్రోమియం రావాలంటే ఎంతో ద్రవం ఆ గదిలోంచి ప్రవహించి ఉండాలి. ఒత్తిడి మార్పే కారణమని కొందరు, గింజలతో నిండిన చిక్కటి ద్రవమే బయటి నుంచి వచ్చి పరుచుకుందని మరికొందరు వాదిస్తున్నారు. వాదన ఇంకా తెగలేదు. నాకు మాత్రం ఇర్విన్ ఆలోచనలోని మొదటి అడుగే విలువైనదిగా తోస్తుంది. ఎంత క్రోమియం ఉందన్నది పక్కనపెట్టి, ఆలివిన్ ఎందుకు రాలేదని అడిగారాయన. అలా అడగడంతోనే చిక్కుముడికి ఒక కొస దొరికింది.

ఓఫియోలైట్లలో సంగతి వేరు. అక్కడ పొరలుండవు. క్రోమైట్ కాయల్లా, దిమ్మల్లా అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతుంది. సముద్రం అడుగున ప్రావారంలోంచి పైకి పాకే ద్రవం దారిలోని పెరిడొటైట్‌లో పైరాక్సీన్‌ను కరిగించుకుంటూ వెళ్తుంది. అది పోయాక మిగిలేది ఆలివిన్ మాత్రమే, అంటే డ్యూనైట్. పైరాక్సీన్‌లో ఉన్న సిలికా ద్రవంలో చేరడంతో దాని కూర్పు మారి, క్రోమైట్ రాలిపడే స్థితి వస్తుంది. అందుకే ఇలాంటి క్రోమైట్ దిమ్మ ఎక్కడ దొరికినా దాని చుట్టూ డ్యూనైట్ ఒక తొడుగులా ఉంటుంది. గనుల్లో పనిచేసేవాళ్లకు అది పెద్ద ఆసరా. రాయి డ్యూనైట్‌గా మారుతోందంటే ఖనిజం దగ్గర్లో ఉండవచ్చు. ఇలాంటి క్రోమైట్‌లో ఒక రకం చూడముచ్చటగా ఉంటుంది. ఆకుపచ్చ, గోధుమ రాతిలో వేలి కొసంత నల్లటి గుండ్రటి క్రోమైట్ ముద్దలు చిరుత మచ్చల్లా పరుచుకుని ఉంటాయి. టర్కీ, ఒమన్, కజకిస్తాన్ గనుల్లో ఇది కనిపిస్తుంది. పరిమాణం లెక్కకు వస్తే ప్రపంచ క్రోమైట్ వనరుల్లో నూటికి 95 పాళ్లు ఆఫ్రికా ఖండపు దక్షిణ భాగంలోనూ కజకిస్తాన్‌లోనూ ఉన్నాయి.

ఇప్పుడు ఈ కథ కిందినుంచి పైకి వచ్చింది. పెరిడొటైట్ భూమి లోపల, వేడిలో, ఒత్తిడిలో, నీళ్లు సరిగా లేనిచోట తయారైన రాయి. పైన నీళ్లున్నాయి, గాలి ఉంది. ఆలివిన్ ఈ రెండింటికీ తట్టుకోలేదు. భూమ్మీద రాళ్లలో ఉండే సాధారణ ఖనిజాల్లో ఇంత తొందరగా చెడిపోయేవి అరుదు. క్రోమైట్ తీరు దీనికి పూర్తిగా విరుద్ధం. వాన, ఎండ, సాధారణ ఆమ్లాలు, ఏవీ దాన్ని అంత తేలిగ్గా కదిలించలేవు. ఒకే ద్రవంలోంచి జంటగా పుట్టిన రెండు ఖనిజాల్లో ఒకటి కరిగిపోతుంది, ఒకటి మొండికేస్తుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

ఆలివిన్‌కు నీళ్లు తగిలితే అది సర్పెంటైన్ అనే మెత్తటి, జిడ్డు స్పర్శ గల ఖనిజంగా మారుతుంది. ఆ మార్పులో ఆలివిన్‌లోని ఇనుము నీటిలోని ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మిగిలిన హైడ్రోజన్ వాయువుగా బయటపడుతుంది. అల్బేనియాలోని బుల్కిజె క్రోమైట్ గనిలో ఈ వాయువు వల్ల పేలుళ్లు జరిగాయి. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, ఆ గని లోతుల్లోంచి ఏడాదికి కనీసం 200 టన్నుల హైడ్రోజన్ బయటికి వస్తోంది. అడుగున నీటి మడుగులో బుడగలుగా వచ్చే వాయువులో 84 శాతం హైడ్రోజనే. క్రోమైట్ తవ్వేవాళ్లను ఇన్నాళ్లు భయపెట్టిన ఆ గాలిలో ఇప్పుడు ఇంధనం కనిపిస్తోంది.

గాలిలోని బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగి తగిలితే ఆలివిన్‌లోని మెగ్నీషియం దానితో కలిసి తెల్లటి మాగ్నసైట్ అవుతుంది. దీన్ని చూడాలనుకునేవారు తమిళనాడులోని సేలం దాకా వెళ్తే చాలు. అక్కడ డ్యూనైట్ కొండల నిండా తెల్లటి మాగ్నసైట్ చారలు అల్లుకుని ఉంటాయి. తెల్లగా కనిపించడం వల్లే ఆంగ్లేయులు వాటిని సుద్ద కొండలన్నారు. అవే కొండల్లో క్రోమైట్ కూడా దొరికితే 19వ శతాబ్దిలోనే తవ్వి చూశారు. ఒమన్ కొండల్లోనూ ఇలాంటి తెల్లటి చారలున్నాయి. ప్రకృతి తీరిగ్గా చేస్తున్న ఈ పనిని మనం వేగిరపరచి, వాతావరణాన్ని వేడెక్కిస్తున్న ఈ వాయువును రాతిగా మార్చి దాచవచ్చా అని కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ కెలెమెన్, ఆయన సహచరులు ఒమన్‌లో ఏళ్లుగా పరిశోధిస్తున్నారు.

పెరిడొటైట్ చెడిపోయి ఏర్పడిన మట్టిలో మెగ్నీషియం, నికెల్ మితిమీరి ఉంటాయి. మొక్కకు కావలసిన కాల్షియం, పొటాషియం, భాస్వరం చాలవు. అందువల్ల అలాంటి నేలల్లో చెట్లు గిడసబారతాయి, గడ్డి పలచగా మొలుస్తుంది. రైతుకు అది చవుడు నేలతో సమానం. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన ఐజక్ టైసన్ అనే యువకుడు మాత్రం ఆ వట్టి నేలల్లోనే డబ్బు చూశాడు. 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త వోక్లాన్ సైబీరియా నుంచి వచ్చిన ఎర్రటి సీసం ఖనిజంలో క్రోమియాన్ని కనిపెట్టాక, దాని నుంచి తీసే మెరిసే పసుపు రంగుకు గిరాకీ పెరిగింది. టైసన్ కుటుంబం తమ ఊరి దగ్గర క్రోమైట్‌ను తవ్వుతుండేది. 1827లో బెల్ ఎయిర్ సంతలో ఒక ఆపిల్ రసం పీపా దొర్లకుండా ఆపు పెట్టిన రాళ్లను టైసన్ చూసి, క్రోమైట్ అని గుర్తుపట్టాడు. ఆ రాళ్లు ఏ పొలంలోవో అడిగి తెలుసుకుని అక్కడికి వెళ్లాడు. తమ ఊరి దగ్గరా ఆ పొలంలోనూ ఉన్నది ఒకే రకం వట్టి నేల అని గమనించి, ఇక ఆ రాష్ట్రంలో అలాంటి నేల ఎక్కడుంటే అక్కడ హక్కులు కొంటూ పోయాడు. 1848లో టర్కీలోని బుర్సా దగ్గర క్రోమైట్ బయటపడేదాకా ప్రపంచ మార్కెట్ చాలావరకు అతని చేతిలోనే ఉండేది. పండని నేలలో ఏముందో అడిగి తెలుసుకున్న మనిషి కథగా ఇది నాకు ఎప్పుడూ ఇష్టం.

మన దేశానికి వస్తే, క్రోమైట్ ఆనవాళ్లు చాలాచోట్ల ఉన్నాయి. కర్ణాటకలోని హాసన్ జిల్లా బైరాపురలో, జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్‌లో, మహారాష్ట్రలోని సింధుదుర్గ్‌లో తవ్వారు. తెలుగునేల మీద చెప్పుకోవలసిన చోటు కొండపల్లి. తెల్ల పొణికి చెక్కతో బొమ్మలు చేసే ఆ ఊరి కొండల్లో శిలాద్రవపు గది గడ్డకట్టి ఏర్పడిన రాళ్ల మధ్య కటకం ఆకారపు క్రోమైట్ దిమ్మలు, చిన్న ముద్దలు ఉన్నాయి. తూర్పు కనుమలు ఏర్పడేటప్పుడు వేడికీ ఒత్తిడికీ ఆ రాళ్లు నలిగి తెగిపోవడంతో బుష్‌వెల్డ్‌లోలా సాఫీగా సాగే పొరలు అక్కడ లేవు. పెద్ద గనిగా ఎదగలేదు గానీ, తూర్పు కనుమల చరిత్ర చదివే శాస్త్రవేత్తలకు ఆ కొండలు ముఖ్యమైనవి.

దేశంలో ఉన్న క్రోమైట్‌లో నూటికి 95 పాళ్లకు పైగా ఒక్క ఒడిశాలోనే ఉంది. అందులోనూ అత్యధిక భాగం జాజ్‌పూర్ జిల్లా సుకింద లోయలో ఉంది. ఉత్తరాన దైతారి కొండలు, దక్షిణాన మహాగిరి కొండలు. మధ్యలో దామ్‌శాల వాగు ప్రవహించి బ్రాహ్మణి నదిలో కలుస్తుంది. ఆ లోయ పొడవునా మూడు వందల కోట్ల ఏళ్ల నాటి పెరిడొటైట్ రాళ్లు, వాటిలో క్రోమైట్ పొరలు పడవ ఆకారంలో మడతపడి ఉన్నాయి. టాటా కంపెనీ భూగర్భ శాస్త్రవేత్తలు 1949లో ఈ నిక్షేపాన్ని గుర్తించాక, 1950ల నుంచి తవ్వకం సాగుతోంది.

సుకిందలో తవ్వే క్రోమైట్‌లో పెద్ద భాగం గట్టి రాయి కాదు. చేత్తో నలిపితే పొడి అయ్యే నల్లటి, గోధుమరంగు ఇసుక. ఇందుకు కారణం ఆ జంట ఖనిజాల తీరే. తేమ, వేడి ఉన్న వాతావరణంలో లక్షల ఏళ్లపాటు కురిసిన వాన ఆ డ్యూనైట్‌ను లోతుదాకా చెడగొట్టింది. ఆలివిన్‌లోని మెగ్నీషియం, సిలికా నీటితో కొట్టుకుపోయాయి. మిగిలిన ఇనుము ఎర్రటి, పసుపుపచ్చటి లాటరైట్ మట్టి అయింది. అందులో నికెల్ చేరింది. మధ్యలో ఉన్న క్రోమైట్ గింజలు కరగలేదు. చుట్టూ పట్టి ఉంచిన రాయి పోయేసరికి విడివిడిగా మిగిలాయి. తవ్వినదాన్ని నీళ్లతో కడిగి, బరువైన గింజ ఒకవైపు, తేలికైన మట్టి ఒకవైపు పోయేలా వంపు తిరిగిన స్పైరల్ గొట్టాల మీద, ఊగే బల్లల మీద వేరుచేస్తారు. ఖనిజం బరువే ఇక్కడ పని జరిపిస్తుంది.

అలా శుద్ధి అయిన పొడిని ఉండలుగా చేసి, కోక్ బొగ్గు, స్ఫటికపు రాయి కలిపి, విద్యుత్ కొలిమిలో సుమారు 1700 డిగ్రీల వేడిలో కరిగిస్తే ఫెర్రోక్రోమ్, అంటే ఉక్కులో కలిపే ఇనుము-క్రోమియం మిశ్రమ లోహం, వస్తుంది. ఒక టన్నుకు మూడున్నర వేల యూనిట్లు, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ కరెంటు ఖర్చవుతుంది. అందుకే గనికి దూరమైనా కరెంటు దొరికే చోట్ల కూడా ఈ కొలిములు వెలిశాయి. విజయనగరం జిల్లా గరివిడిలో ఫేకర్ కర్మాగారం మొదట స్థానిక మాంగనీసు ఆధారంగా వచ్చి, తర్వాత ఫెర్రోక్రోమ్ కూడా తీసింది. ఆ ఫేకర్ సంస్థకే సుకిందలో క్రోమైట్ గనులుండేవి. పాల్వంచలో థర్మల్ విద్యుత్ కేంద్రం పక్కనే నవభారత్ ఫెర్రో అల్లాయ్స్ వెలిసింది. కరెంటు ధర పెరిగినప్పుడల్లా ఈ ఊళ్లలో కొలిమి ఆరడం, కార్మికులకు పని పోవడం ఎందుకో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే దానిమీద గాలి తగిలినచోటల్లా కంటికి కనిపించనంత పలుచటి క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. గీసుకుపోయినా మళ్లీ కమ్ముకుంటుంది. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ 1913లో ఇలాంటి ఉక్కును పోతపోశాడు. ఆ పలుచటి పొర తీరు క్రోమైట్ తీరే. ఆక్సిజన్‌తో ఒకసారి గట్టిగా ముడిపడిన క్రోమియం మరి దేనికీ లొంగదు.

లొంగని ఆ క్రోమియం విషంగా ఎలా మారుతుంది? క్రోమైట్‌లో క్రోమియం మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన స్థితిలో ఉంటుంది. అది నీటిలో పెద్దగా కరగదు, ఒంటికి హాని చేసేదీ తక్కువే. అదే క్రోమియం ఆరు ఎలక్ట్రాన్లు కోల్పోతే తేలిగ్గా నీటిలో కరుగుతుంది, జీవకణాల్లోకి చొరబడుతుంది, జన్యు పదార్థాన్ని దెబ్బతీస్తుంది. ధూళిగా పీల్చితే ఊపిరితిత్తుల కేన్సర్‌కు దారితీస్తుందని వైద్యపరంగా తేలింది. మొదటి రూపం నుంచి రెండో రూపానికి మార్చగలది మట్టిలో సహజంగా ఉండే మాంగనీసు ఆక్సైడ్. మొండి క్రోమైట్‌ను కూడా అది మెల్లగా కొరుకుతుంది. క్రోమైట్ గింజ ఎంత సన్నగా నలిగితే ఆ పని అంత వేగంగా సాగుతుంది. 2007లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన దీన్ని ప్రయోగశాలలో నిరూపించింది.

సుకిందలో ఇవన్నీ ఒక్కచోట చేరాయి. లాటరైట్‌లో మాంగనీసు ఉంది. గని తవ్వి, నలిపి, కుప్ప పోసిన పొడి ఉంది. దానిమీద ఏటా కురిసే గట్టి రుతుపవనపు వాన ఉంది. గుంతల్లో ఊరే నీటిని బయటికి తోడక తప్పదు. ఆ నీటిలో విష రూపపు క్రోమియం తాగునీటికి అనుమతించిన హద్దు, అంటే లీటరుకు 0.05 మిల్లీగ్రాములు, దాటిందని పలు పరీక్షల్లో తేలింది. అమెరికాలోని బ్లాక్‌స్మిత్ సంస్థ 2007లో ప్రపంచంలో అత్యంత కలుషితమైన పది ప్రదేశాల జాబితాలో సుకిందను చేర్చింది. దామ్‌శాల వాగు నీటితో పశువులను కడిగి, వరి పండించే కుటుంబాలకు ఇది కాగితం మీది అంకె కాదు.

దీనికి విరుగుడు రసాయనం తెలిసిందే. ఇనుప సల్ఫేట్ కలిపితే విష రూపం మళ్లీ మూడు ఎలక్ట్రాన్లు కోల్పోయిన పాత స్థితికి దిగి, సున్నం వేస్తే అడుగున పేరుకుంటుంది. గనుల్లో ఇప్పుడు ఈ శుద్ధి కేంద్రాలు నడుస్తున్నాయి. కానీ పెద్దవాన పడిన రోజున గుంత నీరు, కుప్పల మీదుగా పారే నీరు కలిసి ఎంత వస్తాయో అంత సామర్థ్యం ఉండాలి. అంత లేనప్పుడు గట్టు తెగిన నీరు నేరుగా వాగులోకి పోతుంది. అందుకని ఎండాకాలంలో తీసిన నమూనా చూసి నీరు బాగుందని సరిపెట్టుకోవడం తప్పు. ఆషాఢ శ్రావణాల్లో, వాన వెలిసిన గంటలోపు, ఊరి బావిలోనూ వాగులోనూ ముంచి పరీక్షించాలి.

పైనున్న మెత్తటి ఖనిజం తరిగేకొద్దీ సుకింద గుంతలు లోతవుతున్నాయి. కింద గట్టి పెరిడొటైట్ ఉంది. కొన్ని కంపెనీలు సొరంగాల ద్వారా తవ్వడం మొదలుపెట్టాయి. సొరంగం వేస్తే పైన కుప్పలు తగ్గుతాయి, మాంగనీసున్న లాటరైట్‌ను కదిలించడమూ తగ్గుతుంది. అది మేలే. కానీ ఇన్ని దశాబ్దాల్లో పైన పోగుపడిన పొడి అక్కడే ఉంది. ఖనిజం అయిపోయి గని మూతపడ్డాక కూడా దానిమీద వాన పడుతూనే ఉంటుంది. ఇనుప సల్ఫేట్ కలపడానికి ఒక మనిషి, నమూనా తీయడానికి ఒక సీసా, ఆ ఖర్చుకు ఇప్పుడే విడిగా పక్కన పెట్టిన డబ్బు అక్కడ కావాలి.